హకీమ్ అర్రాజీ బట్టీ - మన చేతిలోని శానిటైజర్

నిద్ర లేచిన తర్వాత చేతులు కడుక్కోకుండా నీళ్ళ పాత్రలో ముంచరాదని దైవప్రవక్త ముహమ్మద్ (సఅసం) బోధించారు. రోజుకు ఐదుపూటలా వుజూ చేసే మనకు చేతుల శుభ్రత కొత్త విషయమేమీ కాదు. అయితే 2020లో కరోనా కాలంలో మూతపడిన మసీదులు తిరిగి తెరుచుకున్నప్పుడు వాకిట్లో ఒక కొత్త వస్తువు కనిపించింది. అదే శానిటైజర్ సీసా. ఆల్కహాల్ కలిసిన ఈ ద్రవాన్ని చేతికి రాసుకోవచ్చునా అన్న సందేహం చాలామందిలో తలెత్తింది. ఈ సందర్భంలో వెయ్యేళ్ళకు పూర్వం జీవించిన ఒక మహావైద్యుణ్ణి స్మరించుకోవడం అవసరమని మేము భావిస్తున్నాం. ఆయనే హకీమ్ అబూబక్ర్ ముహమ్మద్ బిన్ జకరియా అర్రాజీ.

అర్రాజీ క్రీ.శ. 865లో, అంటే హిజ్రీ 251లో, ఇరాన్ దేశంలోని రయ్ నగరంలో జన్మించారు. నేటి టెహ్రాన్‌కు ఆనుకొని ఉన్న ఊరు అది. ఊరి పేరునుబట్టే ఆయన అర్రాజీ అయ్యారు. మొదట రసవిద్యలో కృషి చేసి, ఆ తర్వాత వైద్యం వైపు మళ్ళారు. రయ్‌లోనూ, బాగ్దాదులోనూ ఆసుపత్రులకు అధిపతిగా పనిచేశారు. ఆయన చుట్టూ శిష్యులు వరుసలు వరుసలుగా కూర్చునేవారట. వచ్చిన రోగిని ముందు బయటి వరుసవారు పరీక్షించేవారు. వారికి అంతుపట్టకపోతే లోపలి వరుసవారు చూసేవారు. వారివల్లా కాకపోతే అప్పుడు గురువుగారే స్వయంగా చూసేవారు. పేదలపట్ల ఆయన ఎంతో దయ చూపేవారని చరిత్రకారులు రాశారు. వైద్యుడు అందుబాటులో లేనివారి కోసం, ఇంట్లోనూ బజారులోనూ దొరికే వస్తువులతో చేసుకోదగిన చికిత్సలు వివరిస్తూ ప్రత్యేకంగా ఒక గ్రంథమే రాశారు.

మశూచికీ తట్టుకూ గల తేడాను వివరిస్తూ ఆయన రాసిన గ్రంథం ఐరోపా భాషల్లోకి వెళ్ళి, శతాబ్దాల తరబడి వైద్యులకు మార్గదర్శిగా నిలిచింది. ఆసుపత్రికి స్థలం ఎంచడానికి బాగ్దాదులో పలుచోట్ల మాంసం ముక్కలు వేలాడదీయించి, అవి ఆలస్యంగా కుళ్ళిన చోటును ఆయన ఎంపిక చేశారని ఒక కథ ప్రచారంలో ఉంది. ఆ కథలో చెప్పే అజుదీ ఆసుపత్రి ఆయన మరణించిన అర్ధశతాబ్దం తర్వాత ప్రారంభమైంది కనుక దాన్ని చరిత్రగా తీసుకోలేం. కానీ ఏ విషయాన్నయినా పరీక్షించి చూడనిదే నమ్మని మనిషి అన్న పేరు మాత్రం ఆయనకు తగినదే. పాదరసం శరీరంపై ఎలా పనిచేస్తుందో ముందు ఒక కోతికి ఇచ్చి గమనించారు.

రసవిద్యపై ఆయన రాసిన గ్రంథాల్లో కొలిమి, మూస, పట్టకారు మొదలుకొని పనిముట్లన్నింటి వివరాలూ ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది బట్టీ. అడుగున ద్రవం కాగే కుండ, పైన ఆవిరిని చల్లార్చే అన్‌బీక్ అనే మూత, పక్కన చుక్కలు పట్టే పాత్ర. ఆల్కహాలును కనుగొన్నది అర్రాజీయేనని కొందరు రాస్తుంటారు. అంత గట్టిగా చెప్పడానికి ఆధారం చాలదు. గాఢమైన ఆల్కహాలును వేరుచేసే పద్ధతి 12వ శతాబ్దంలో ఇటలీలో స్థిరపడింది. దానికి వాడిన బట్టీ మాత్రం అరబ్బు గ్రంథాల ద్వారా అక్కడికి చేరినదే. ఆల్కహాల్ అన్న మాట కూడా అరబ్బీయే. మనం కళ్ళకు పెట్టుకునే సుర్మాను అరబ్బీలో కుహ్ల్ అంటారు. ఆ మాటే అల్ కుహ్ల్, ఆల్కహాల్ అయింది.

నేటికీ పద్ధతి అదే. చెరకు ఫ్యాక్టరీల్లో మిగిలే మొలాసిస్‌ను పులియబెట్టి బట్టీ పడతారు. ఆల్కహాల్ 78 డిగ్రీల వద్దే మరుగుతుంది కనుక నీటికంటే ముందు ఆవిరవుతుంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ సూత్రం ప్రకారం లీటరు శానిటైజర్‌కు 96 శాతం ఇథనాల్ 833 మి.లీ., 3 శాతం హైడ్రోజన్ పెరాక్సైడ్ 42 మి.లీ., గ్లిజరిన్ 14.5 మి.లీ. తీసుకొని, మిగతాది కాచి చల్లార్చిన నీటితో నింపుతారు. సీసాల్లో పోసి 72 గంటలు కదపకుండా ఉంచుతారు. పెరాక్సైడ్ ఆ ద్రవంలోనే మిగిలిన సూక్ష్మజీవులను చంపడానికి, గ్లిజరిన్ చర్మం పొడిబారకుండా ఉండడానికి. నీరు లేని స్వచ్ఛమైన ఆల్కహాల్ సరిగా పనిచేయదు. సూక్ష్మజీవిలోని మాంసకృత్తులు విరగాలంటే కొంత నీరు ఉండి తీరాలి. ఇది ఇంట్లో కలుపుకునే వస్తువు కాదు. ఇథనాల్‌కు బదులు మిథనాల్ కలిస్తే చూపు పోతుంది, ప్రాణమే పోవచ్చు.

చేతికి మట్టి, జిడ్డు అంటినప్పుడు, మరుగుదొడ్డికి వెళ్ళి వచ్చినప్పుడు సబ్బూ నీళ్ళే వాడాలి. కొన్ని రకాల విరేచనాల క్రిములకు శానిటైజర్ లొంగదు. నీళ్ళు దొరకనిచోట, ప్రయాణంలో, రోగిని తాకడానికి ముందూ తర్వాతా శానిటైజర్ వాడవచ్చు. అరచేతి నిండా తీసుకొని వేళ్ళ సందుల్లో, గోళ్ళ వద్ద, చేతి వెనుక ఆరేదాకా రుద్దాలి. ఇందుకు 20 నుంచి 30 సెకన్లు పడుతుంది. ఆరకముందే పొయ్యి దగ్గరికి వెళ్ళరాదు. పిల్లలకు అందేలా ఉంచరాదు. ఇది వుజూకు గానీ తయమ్ముమ్‌కు గానీ ప్రత్యామ్నాయం కాదని కూడా గుర్తుంచుకోవాలి.

ఇక ధర్మసందేహం. శరీరంపైన క్రిములను చంపడానికి ఆల్కహాల్ వాడవచ్చునని 2002లో మక్కాలో ముస్లిం వరల్డ్ లీగ్ పండితులు నిర్ణయించారు. భిన్నాభిప్రాయం గల పండితులూ ఉన్నారు. సందేహం తీరనివారు తమ ఊరి ఆలిములను అడగడం మంచిది. కానీ తాగడం విషయంలో ఏ సందేహానికీ తావులేదు. 2020 జూలై చివర ప్రకాశం జిల్లా కురిచేడులో మద్యం దుకాణాలు మూతపడితే శానిటైజర్ తాగి పదిమందికి పైగా ప్రాణాలు పోగొట్టుకున్నారు. చేతికి మందైనది నోటికి విషమైంది. వారి ఇళ్ళలో మిగిలిన భార్యాపిల్లలను తలచుకుంటే గుండె తరుక్కుపోతుంది.

అర్రాజీ చివరి రోజుల్లో చూపు కోల్పోయారు. క్రీ.శ. 925లో తాను పుట్టిన రయ్‌లోనే కన్నుమూశారు. ఏ వస్తువునైనా దాని గుణం తెలుసుకొని, తగినచోట, తగిన మేరకే వాడాలన్నది ఆయన జీవితం మనకు నేర్పే పాఠం. ఆ వివేకాన్ని అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక! ఆమీన్.