ద్వారం వేంకటస్వామినాయుడుగారు

కర్ణాటక సంగీత సభలలో గాయకుడు నడుమ కూర్చుండును. ఒక ప్రక్క మృదంగము వాయించువాడును, వేరొక ప్రక్క వాయులీనము వాయించువాడును కూర్చుందురు. వాయులీనమునే లోకులు ఫిడేలందురు. గాయకుడు పాడిన దానిని నీడవలె అనుసరించుటయే చాలకాలము దాని పనిగా నుండెను. సభ ముగిసిన పిమ్మట జనులు గాయకుని కొనియాడుచు ఇండ్లకు పోవుదురు. ప్రక్కవాద్యమును తలచువారు కొందరే. అట్టి వాద్యమును సభామధ్యమున నిలిపి, గాయకుని తోడు లేకయే శ్రోతలను రంజింపజేసిన మహనీయులు ద్వారం వేంకటస్వామినాయుడుగారు.

నాయుడుగారు 1893వ సంవత్సరము నవంబరు 8వ తేదీన బెంగుళూరులో జన్మించిరి. పెరిగినది విశాఖపట్టణమున. వారికి చూపు మందము. పుస్తకములు చదివి, పరీక్షలలో నెగ్గి, కొలువు సంపాదించు మార్గము అట్టివారికి సుగమము కాదు. కాని కన్ను చేయలేని పనికి వారి చెవి పూనుకొనెను. అన్నగారగు వేంకటకృష్ణయ్యగారు వాయులీనము నెరిగినవారు. ఆయనయే తమ్మునకు తొలి గురువు. ఆ యింటిలో ప్రారంభమైన సాధన నాయుడుగారి జీవితమంతయు సాగెను.

వాయులీనము మన దేశమున పుట్టినది కాదు. ముత్తుస్వామి దీక్షితులవారి తమ్ముడగు బాలుస్వామి దీక్షితులు పాశ్చాత్యుల యొద్ద దానిని నేర్చి, మన సంగీతమునకు అలవరచిరి. పాశ్చాత్యులు దానిని గడ్డము క్రింద అదిమిపట్టి వాయింతురు. మనవారు నేలపై కూర్చుండి, ఒక కొనను ఎదకు ఆనించి, రెండవ కొనను కుడిపాదముపై నిలుపుదురు. అందువలన ఎడమచేయి తీగలపై స్వేచ్ఛగా సంచరించును. వీణకున్నట్లు దీనికి మెట్లు లేవు. స్వరము ఎచ్చట నున్నదో వ్రేలే వెదకికొనవలెను. వెండ్రుకవాసి తప్పినను అపశ్రుతి కలుగును. ఇచ్చట కంటికంటె చెవియే ప్రమాణము. మెట్లు లేకుండుటచేతనే మనుష్యుని కంఠమువలె గమకములను పలుకు శక్తి ఈ వాద్యమునకు అబ్బినది. చూపు మందమైన బాలుడు చెవినే నమ్ముకొని దీనిని వశపరచుకొనెను.

1919వ సంవత్సరమున విజయనగర ప్రభువులగు విజయరామగజపతిగారు తమ పట్టణమున సంగీత కళాశాలను స్థాపించిరి. దృష్టిలేని యొక బాలునకు సంగీతము నేర్పింపవలెనను తలంపే దానికి మూలమని చెప్పుదురు. హరికథా పితామహులగు ఆదిభట్ల నారాయణదాసుగారు దానికి తొలి అధ్యక్షులు. నాయుడుగారు అచ్చట విద్యార్థిగా చేరవలెనని వెళ్లిరట. వారి వాదనమును విన్న పెద్దలు ఆశ్చర్యపడి, శిష్యులలో చేర్చుకొనుటకు మారుగా ఆచార్యపదవినే యొసగిరని ప్రసిద్ధి. నాటికి వారికి 26వ యేడు.

ఆచార్యులైనను నాయుడుగారు విద్యార్థిగానుండుట మానలేదు. పగలు శిష్యులకు పాఠము చెప్పువారు, సభలలో గాయకులకు ప్రక్కవాద్యము వాయించువారు, తీరిక వేళలలో తాము నేర్చుకొనుచుండిరి. ఆ కాలమున మన విద్వాంసులలో పలువురు ఎడమచేతి వ్రేళ్లపై చూపిన శ్రద్ధను కుడిచేతి కమానుపై చూపెడివారు కారు. కమాను ఒక దిక్కునకు సాగి వెనుకకు మరలునపుడు నాదము తెగుటకు అవకాశమున్నది. ఆ తెగుట వినబడనీయక మరల్చుట, ఒకే కమానుతో దీర్ఘముగా నాదమును నిలుపుట, సన్నగా మొదలిడి క్రమముగా నిండించుట కష్టసాధ్యములు. పాశ్చాత్య విద్వాంసులు ఈ విద్యలో ఆరితేరినవారు. నాయుడుగారు వారి వాదనమును శ్రద్ధతో విని, ఆ మెలకువలను గ్రహించిరి. అట్లని వారి సంగీతమును అనుకరింపలేదు. కమాను నడకను మాత్రము గైకొని, దానితో త్యాగరాజస్వామి కృతులను వాయించిరి. పరదేశపు పనిముట్టుతో మనయింటి దీపమును మరింత ప్రకాశింపజేసిరి.

ఇంక ఒక కార్యము మిగిలియుండెను. గాయకుడు లేకుండ వాయులీనమే ప్రధానముగా కచ్చేరి చేయవచ్చునా? గాయకునకు సాహిత్యము తోడు. రాగము నెరుగని శ్రోతయు పాటలోని మాటలను విని సంతోషించును. వాద్యమునకు మాటలు లేవు. మూడు గంటలు సభను కదలకుండ కూర్చుండబెట్టవలెనన్న, కృతిలోని ప్రతి పదమును కమానే పలుకవలెను. విరామము నీయవలసిన చోట విరామము, ఒత్తవలసిన అక్షరమున ఒత్తు వినబడవలెను. ఒక్క పొరపాటు జరిగినను దానిని కప్పుటకు ఎదుట గాత్రము లేదు. ప్రక్కవాద్యకారుడుగా పేరుపొందిన విద్వాంసునకు ఇది కీర్తిని పణముగా నొడ్డుటయే. 1938వ సంవత్సరమున వేలూరులో నాయుడుగారు ఆ సాహసమునకు పూనుకొని, వాయులీనమే ప్రధానముగా తమ తొలి కచ్చేరి చేసిరి. అప్పటికి వారి వయస్సు 45 యేండ్లకు సమీపించుచుండెను. అది మొదలు ఫిడేలు నాయుడుగారను పేరు దేశమంతట మారుమ్రోగెను.

1936లోనే వారు విజయనగర కళాశాలకు అధ్యక్షులైరి. సభలకు దూరప్రయాణములు చేయుచున్నను బోధనను విడువలేదు. నూకల చినసత్యనారాయణగారు వారి శిష్యులలో నొకరు. గాయకులుగా పేరొందిన ఘంటసాల వేంకటేశ్వరరావుగారు ఆ కళాశాలలోనే సంగీతము నభ్యసించిరి.

సత్కారములు వారిని వెదకికొని వచ్చెను. 1941లో మదరాసు సంగీత విద్వత్సభవారు సంగీతకళానిధి బిరుదము నిచ్చిరి. 1952లో భారతదేశమునకు వచ్చిన జగద్విఖ్యాత వైణికుని వంటి వాయులీన విద్వాంసుడు యెహూదీ మెనూహిన్, న్యాయమూర్తి రాజమన్నారుగారి యింట నాయుడుగారి వాదనమును విని ముగ్ధుడయ్యెను. ఆ పాశ్చాత్యుల వాద్యము మన సంగీతమున ఎంత యెదిగినదో వారి ఇలవేలుపువంటి కళాకారుడే కన్నులార చూచెను. అదే సంవత్సరము నాయుడుగారు అంధుల సహాయార్థము ఢిల్లీలో కచ్చేరి చేసిరి. చూపు లేమి యెట్టిదో తాము కొంత యెరిగినవారు గదా! 1953లో సంగీత నాటక అకాడమీ పురస్కారమును, 1957లో పద్మశ్రీ బిరుదమును వారికి లభించెను.

1964వ సంవత్సరము నవంబరు 25వ తేదీన నాయుడుగారు కీర్తిశేషులైరి. వారి శతజయంతి సంవత్సరమగు 1993లో భారత ప్రభుత్వము వారి పేర తపాలాబిళ్లను వెలువరించెను.

క్రొత్తదానిని చేపట్టువారు పాతదానిని పారవేయనక్కరలేదని నాయుడుగారి జీవితము తెలుపుచున్నది. వారు ప్రక్కన కూర్చుండి ఏండ్లకొలది వినిరి, వినుచు నేర్చిరి, నేర్చినదానిని శిష్యులకు పంచిరి. పిమ్మటనే నడుమ కూర్చుండిరి. అందువలననే ఆ స్థానము వారికి నిలిచినది.