తూచి చూసిన లావోయిజర్

లావోయిజర్ 1743లో ఫ్రాన్సు దేశంలోని పారిస్‌లో పుట్టాడు. నాన్నలాగే లా చదివాడు గానీ, మనసంతా సైన్సు మీదే.

నీళ్లు బాగా కాస్తే మట్టిగా మారతాయని ఆ రోజుల్లో చాలామంది నమ్మేవారు. ఈయన ఊరికే నమ్మలేదు. 1768లో శుద్ధమైన నీటిని గాజుపాత్రలో పెట్టి, మూత బిగించి 101 రోజులు కాచాడు. అడుగున మట్టిలాంటిది కనిపించింది! అయినా ఆగలేదు. ముందూ తరవాతా తూచాడు. నీటి బరువు తగ్గలేదు, పాత్ర బరువు తగ్గింది. అంటే ఆ మట్టి గాజులోంచి వచ్చిందే.

నీరు మూలకం కాదని, హైడ్రోజన్, ఆక్సిజన్ కలిసిన సంయోగ పదార్థమని 1783లో చెప్పాడు. భార్య మేరీ ఆన్ ప్రయోగాల వివరాలు రాసేది, బొమ్మలు గీసేది. 1789లో 33 మూలకాల పట్టిక ఇచ్చాడు. అందులో కాంతి, వేడి కూడా ఉన్నాయి. అవి మూలకాలు కావని తరవాతివాళ్లు తేల్చారు. ఎంత గొప్పవాడు చెప్పినా పరీక్షించాల్సిందే కదా!

పన్నులు వసూలు చేసే సంస్థలో వాటా ఉన్నందుకు, ఫ్రెంచి విప్లవకాలంలో 1794 మే 8న ఆయన తల నరికేశారు. త్రాసుతో నేర్పిన పాఠం మాత్రం మిగిలింది.

ప్రయోగం చెయ్యకుండా పక్కవాడి రికార్డు చూసి రాసేవాళ్లు కాస్త ఆలోచించండి!