పతనానికి మూలం పుట్టుక కాదు: అయోతిదాస్ పండితుని జీవితం

మానవుడు ఒకప్పుడు ఉన్నతదశలో ఉండి క్రమంగా పతనమయ్యాడనే భావన అనేక మతాలలో కనిపిస్తుంది. ఆదాము అవ్వలు దైవాజ్ఞను మీరినందువల్ల మానవజాతి అంతటికీ పాపం సంక్రమించిందని క్రైస్తవం చెబుతుంది. కృతయుగంలో నాలుగు పాదాలపై నిలిచిన ధర్మం కలియుగంలో ఒంటిపాదానికి చేరిందని పురాణాలు వర్ణిస్తాయి. ఈ రెండవ భావనకు పూర్వజన్మ కర్మవాదం తోడైనప్పుడు, అంటరానివాడని ముద్రపడినవాని దైన్యానికి అతని జన్మే సాక్ష్యమైపోయింది. అతనిని అణచినవారు విచారణ నుండి తప్పుకున్నారు.

దీఘనికాయంలోని అగ్గఞ్ఞ సుత్తం పతనాన్ని మరొక విధంగా వివరిస్తుంది. బ్రాహ్మణ కులాన్ని విడిచి సంఘంలో చేరదలచి, స్వజనుల దూషణలకు గురవుతున్న వాసెట్ఠ, భారద్వాజులకు బుద్ధుడు ఈ వృత్తాంతం వినిపించాడు. ఆదిలో ప్రాణులు స్వయంప్రకాశంతో, ఆనందమే ఆహారంగా జీవించేవారు. భూమిపై ఏర్పడిన రసాన్ని రుచిచూసి ఆశకు లోనయ్యారు. శరీరాలు మొరటుబారాయి. రూపవంతులు రూపహీనులను చిన్నచూపు చూశారు. ఏ పూటకాపూట తెచ్చుకునే వరిని కొందరు కూడబెట్టడం మొదలుపెట్టగానే గింజకు పొట్టు వచ్చింది, కోసినచోట పైరు తిరిగి మొలవలేదు. పొలాలకు గట్లు పడ్డాయి. దొంగతనం, అబద్ధం, దండన ఒకదాని వెంట ఒకటి వచ్చాయి. అప్పుడు ప్రజలు తమలో ఒకనిని మహాసమ్మతుడిగా ఎన్నుకొని, తమ ధాన్యంలో భాగమివ్వడానికి అంగీకరించారు. ఇక్కడ పతనానికి లోభం, అహంకారం, సంచయం కారణాలు. వర్ణాలు వృత్తిభేదాల నుండి ఏర్పడినవే. మనుషులు చేసినదానిని మనుషులే సరిదిద్దుకోగలరన్న విశ్వాసం ఈ కథనంలో ఉంది.

ఆధునిక దక్షిణ భారతంలో ఈ దృష్టిని ఒక పీడిత సమాజపు చరిత్రకు అన్వయించిన తొలి మేధావులలో అయోతిదాస్ పండితులు అగ్రగణ్యులు. 1845లో మద్రాసు రాజధానిలో పరైయర్ కుటుంబంలో జన్మించారు. తల్లిదండ్రులు పెట్టిన పేరు కాత్తవరాయన్. తాత కందప్పన్ ఒక ఆంగ్లేయ అధికారి ఇంట వంటవాడు. తమ ఇంటనున్న తిరుక్కురళ్ తాళపత్రాలు ఆ తాత ద్వారానే ఎల్లిస్ దొరకు చేరాయని అయోతిదాస్ స్వయంగా రాశారు. సమాజం అక్షరానికి దూరమని భావించిన ఇంటిలో గ్రంథాలు భద్రంగా ఉన్నాయన్న ఈ ఎరుక ఆయన ఆలోచనకు బీజమై ఉండవచ్చు. తమిళ సాహిత్యాన్ని, సిద్ధవైద్యాన్ని అభ్యసించి, గురువుపై గౌరవంతో ఆయన పేరునే తన పేరుగా స్వీకరించారు. నీలగిరులలో వైద్యవృత్తి సాగిస్తూ తొలుత అద్వైతం వైపు మొగ్గారు. 1891లో ద్రావిడ మహాజన సభను స్థాపించారు.

మరుసటి సంవత్సరం మద్రాసు మహాజన సభ సమావేశానికి నీలగిరుల ప్రతినిధిగా వెళ్లి, తనవారికి ఆలయప్రవేశం కావాలని కోరారు. శివుడు, విష్ణువు వారి దేవతలు కారనీ, వారికి కాత్తవరాయన్ వంటి వేల్పులున్నారనీ సభలో సమాధానం వచ్చింది. ఆ వేల్పు పేరే తన జన్మనామం. అలాగైతే ఆ దేవుళ్లు తమకు అక్కరలేదని, పిల్లలకు ఉచిత విద్య, బీదలకు బంజరుభూమి ఇప్పించవలసిందని ఆయన బదులిచ్చారు. అద్వైతంలో ఆత్మలన్నీ ఒకటే గాని గుడి వాకిట మనుషులు ఒకటి కారని ఆ సభ రుజువు చేసింది.

1898లో కర్నల్ ఆల్కాట్ సహాయంతో సింహళానికి వెళ్లి, కొలంబోలో సుమంగళ మహాథేరుల వద్ద పంచశీల దీక్ష స్వీకరించారు. తిరిగి వచ్చి మద్రాసు రాయపేటలో శాక్య బౌద్ధ సంఘాన్ని స్థాపించారు. కోలారు బంగారు గనులలో, రంగూన్‌లో, దక్షిణాఫ్రికాలో కూలికి వెళ్లిన శ్రామికుల నడుమ దానికి శాఖలు ఏర్పడ్డాయి. 1907 జూన్ 19న ఒరు పైసా తమిళన్ అనే వారపత్రికను ప్రారంభించారు. వెల ఒక పైసా. మరుసటి ఏడు అది తమిళన్‌గా మారింది. 1914 మే 5న మరణించేవరకు ఆ పత్రికే ఆయన విహారం, పాఠశాల, న్యాయస్థానం.

ఆ పత్రికలో ఆయన ఒక మహాపతనపు చరిత్రను రచించారు. ఈ దేశం ఒకప్పుడు బౌద్ధ రాజ్యం. ఇంద్రియాలను జయించిన బుద్ధుడే ఇంద్రుడు. ఆ నామం నుండే దేశానికి పేరు వచ్చింది. జ్ఞానంచేత బ్రాహ్మణులైన యథార్థ బ్రాహ్మణుల స్థానాన్ని వేషబ్రాహ్మణులు ఆక్రమించి, లొంగని బౌద్ధులను పరైయర్లని నిందించి వెలివేశారు. చిదంబరం గుడిప్రవేశానికై పరితపించిన దీనభక్తుడిగా ప్రసిద్ధుడైన నందన్ ఆయన రచనలో కుట్రకు బలైన బౌద్ధరాజు అవుతాడు. దీపావళి నువ్వులనూనె గుణాన్ని బౌద్ధ విహారాలు కనుగొన్న రోజుకు స్మృతి అవుతుంది.

చరిత్ర విద్యార్థిగా ఒక మాట చెప్పక తప్పదు. ఈ వ్యుత్పత్తులలో అనేకం భాషాశాస్త్రానికి నిలవవు. నందరాజు కథకు శాసనాధారం లేదు. అయినా ఆయన వేసిన ప్రశ్న నిలిచింది. అంటరానితనానికి ఒక ఆరంభముంది, కారకులున్నారు, కనుక అంతమూ ఉంటుంది. 1917 బెజవాడ సభలో తెలుగు దళితులు పంచమ నామాన్ని తిరస్కరించి ఆదిఆంధ్రులమని ప్రకటించినప్పుడు పనిచేసినది ఇటువంటి చైతన్యమే. శాక్య బౌద్ధ సంఘ ప్రముఖులు లక్ష్మీనరసు రచించిన బౌద్ధసార గ్రంథాన్ని 1948లో పునర్ముద్రింపజేసిన డాక్టర్ అంబేద్కర్, అదే ఏడాది అస్పృశ్యుల మూలాలపై తన గ్రంథాన్ని వెలువరించారు. అస్పృశ్యులు బౌద్ధాన్ని వీడనందువల్ల ద్వేషానికి గురైన చెదిరిన జనులని అందులో ప్రతిపాదించారు.

అయితే అయోతిదాస్ ఆలోచనలో ఒక నీడ కూడా ఉంది. పరైయర్లు అణచబడి తగ్గినవారని వాదించిన ఆయనే, చక్కిలియర్ మొదలైన కొన్ని కులాలను స్వభావంచేతనే తక్కువవారిగా వేరుచేశారు. ఆ చక్కిలియర్లలో తెలుగు మాట్లాడే చెప్పులు కుట్టేవారు ఎందరో ఉన్నారు. తనవారి పతనానికి చరిత్రను కారణంగా చూపి, పొరుగువాని పతనానికి పుట్టుకను కారణం చేయడం అగ్గఞ్ఞ సుత్తానికి పూర్తిగా విరుద్ధం. రూపవంతులు రూపహీనులను చిన్నచూపు చూసిన ఘట్టం అక్కడ మళ్లీ జరిగింది.

దీక్ష తీసుకున్న మనం ఈ విషయాన్ని దాచిపెట్టడం ఆయనకు గౌరవం కాదు. మన పూర్వికులు బౌద్ధులని చెప్పుకోవడంలో ఆత్మగౌరవముంది. ఆ మాట కొత్త వంశగర్వంగా మారితే వాసెట్ఠుడు విడిచివచ్చిన ఇంటికే మనం తిరిగి వెళ్లినవారమవుతాము. మాల, మాదిగ, రెల్లి, డక్కలి అన్న తేడా లేకుండా విహారంలో ఒకే పంక్తిన కూర్చుని, ఒకే పళ్లెరంలో వడ్డించుకోగలిగిననాడు అయోతిదాస్ ప్రారంభించిన పని ఆయన ఆగిన చోటును దాటి ముందుకు సాగుతుంది. కూడబెట్టిన ధాన్యంతో మొదలైన పతనాన్ని పంచుకున్న అన్నంతో ఆపడమే పండితులకు మనం అర్పించగల నివాళి.