బందరు డాక్టరు గారి బ్యాంకు

ఈ ఏడాది లెక్కల కంటే ముందు ఒక మనిషి గురించి రాయాలని మేము అనుకున్నాం. కారణం చిన్నదే. మీటింగులో పాత పాస్‌బుక్కులు సర్దుతుంటే ఒక అక్క ఆంధ్రా బ్యాంకు పుస్తకం పైకి తీసి, ఈ బ్యాంకు ఏమైపోయిందని అడిగింది. 2020 ఏప్రిల్ 1న యూనియన్ బ్యాంకులో కలిసిపోయిందని చెప్పాం. మరి పెట్టిందెవరంటే మాలో సగంమందికి తెలియలేదు.

పెట్టింది భోగరాజు పట్టాభి సీతారామయ్య గారు. 1880 నవంబరు 24న గుండుగొలనులో పుట్టారు. మద్రాసులో డాక్టరు చదువు చదివి, బందరులో వైద్యం చేశారు. బాగా నడుస్తున్న వైద్యం వదిలేసి దేశం పనిలోకి దిగారు. జైళ్లకు వెళ్లారు, 1942 తర్వాత అహ్మద్‌నగర్ కోటలో మూడేళ్ల దాకా ఉన్నారు. 1948లో కాంగ్రెసు అధ్యక్షుడయ్యారు. ఇవన్నీ పిల్లల పుస్తకాల్లో ఉంటాయి. మనకు కావలసిన సంగతి అప్పు సంగతి.

ఆ రోజుల్లో రైతుకు అప్పు కావాలంటే షావుకారే దిక్కు. 1904లో సహకార పరపతి సంఘాల చట్టం వచ్చింది. ఊళ్లో పదిమంది కలిస్తే సంఘం పెట్టుకోవచ్చు. ఒకరు కట్టకపోతే మిగతావాళ్లంతా బాధ్యులు. చదువుతుంటే మన సంఘం సంగతే రాసినట్టు లేదూ! (మన పల్నాడు అదే 1904 దాకా కృష్ణా జిల్లాలోనే ఉండేది.) కానీ ఆ సంఘానికి డబ్బు ఎక్కడిది? పదిమంది పేదవాళ్ల పొదుపు కలిపినా పెట్టుబడికి చాలదు. సంఘాలన్నీ కలిసి పైన ఒక బ్యాంకు పెట్టుకోవడానికి 1912 చట్టం దారి ఇచ్చింది. మూడేళ్లకే, 1915లో, పట్టాభి గారు బందరులో కృష్ణా సహకార సెంట్రల్ బ్యాంకు నిలబెట్టారు. మన సంఘాల మీద గ్రామ సంఘం, దాని మీద మండల సమాఖ్య ఎందుకు పెట్టుకున్నామో, ఇదీ అందుకే.

ఒకసారి అడిగి ఊరుకునే రకం కాదాయన. ఆంధ్రకు వేరే కాంగ్రెసు శాఖ కావాలని పట్టుబట్టి, 1918లో అది వచ్చేదాకా వదల్లేదు. 1923 నవంబరులో ఆంధ్రా బ్యాంకు మొదలుపెట్టారు. అధీకృత మూలధనం పది లక్షలు, చేతికి వచ్చింది లక్ష. 1925లో ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీ. తాను పెట్టిన సంస్థల్లో పనులు తెలుగులోనే జరగాలనేవారు. ఇంగ్లీషు ఫారం చేతికిస్తే వేలిముద్ర వేసి వచ్చేసిన అక్కలు మనలో ఎందరో. ఆ మాట విలువ వాళ్లకు చెప్పక్కర్లేదు.

ఒక సంగతి దాచకుండా రాయాలి. ఆనాటి సహకార సంఘాల్లో సభ్యులు ఎక్కువగా భూమి ఉన్న రైతులే, అందులోనూ మగవాళ్లే. భూమి లేని ఆడమనిషి హామీ ఏం చూపిస్తుంది? అప్పుకు పొలం కాగితం బదులు సంఘమే హామీ అన్న పద్ధతిని బ్యాంకుల చేత ఒప్పించడానికి చాలా కాలం పట్టింది. 1992లో నాబార్డు దేశం మొత్తం మీద 500 సంఘాలతో పరీక్షగా మొదలుపెట్టింది. 1995లో మన రాష్ట్రంలో పరస్పర సహాయ సహకార సంఘాల చట్టం వచ్చాక, ప్రభుత్వం పెత్తనం లేకుండా మన సమాఖ్యలు రిజిస్టరు చేసుకునే వీలు కలిగింది. అడిగినవాళ్లు ఉన్నారు కాబట్టే ఆ చట్టాలు వచ్చాయి.

పట్టాభి గారు మధ్యప్రదేశ్ గవర్నరుగా కూడా చేసి, 1959 డిసెంబరు 17న పోయారు. ఆంధ్రా ఇన్సూరెన్సు అంతకు ముందే, 1956లో, ఎల్‌ఐసీలో కలిసింది. బ్యాంకు 1980లో ప్రభుత్వానిదయింది. పేర్లు పోయాయి, కృష్ణా జిల్లా సహకార బ్యాంకు మాత్రం ఇంకా నడుస్తోంది.

మన దాచేపల్లిలో కౌలుకు మిరప, పత్తి వేసే అక్కల సంగతి ఇంకా తేలలేదు. సంఘం అప్పు దొరుకుతోంది గానీ, పొలం పేరు మీద లేదని పంట అప్పుకు ఒక బ్యాంకులో రెండుసార్లు తిప్పి పంపారు. కాయ కోయకముందే వ్యాపారి దగ్గర పెట్టుబడి తెచ్చుకుని, ఆయన చెప్పిన రేటుకే కాయ తూచి వస్తున్నారు. అందుకని ఈసారి విడివిడిగా కాకుండా సమాఖ్య పేరుతో దరఖాస్తు తెలుగులో రాశాం. కౌలు చేసే ప్రతి అక్క సంతకం కావాలి. పుస్తకం సమాఖ్య ఆఫీసులో బల్ల మీదే ఉంది, మిరప నారు పోసేలోపు వచ్చి పెట్టండి.