యెల్లాప్రగడ సుబ్బారావుగారు, రక్తపుపోటు

రక్తపుపోటు పట్టణములలో కూర్చుండి పనిచేయువారికి మాత్రమే వచ్చునను నమ్మకము మన ప్రాంతమున నింకను పోలేదు. నంద్యాల బజారులోని వర్తకునికిని, ఆళ్లగడ్డవైపు కె.సి. కాలువక్రింద వరి పండించు రైతునకును అది వచ్చుచునే యున్నది. పోటు హెచ్చినచో తప్పు గుండెదనియో, ఉప్పుదనియో మనమనుకొందుము. అందు సత్యము లేకపోలేదు. కాని రక్తపుపోటును క్షణక్షణమును కనిపెట్టి సరిచేయు అధికారి మెదడు. ఆ యధికారి యాజ్ఞలను మోయునవి కొన్ని రాసాయనిక దూతలు. అట్టి పదార్థములలో నొకదానిని 1929లో మొట్టమొదట వేరుపరచినవారిలో నొక ఆంధ్రుడు గలడు. ఆయన యెల్లాప్రగడ సుబ్బారావుగారు. ఆయన చరిత్రమును పాఠకులకు విన్నవింపదలచితిమి.

సుబ్బారావుగారు 1895 జనవరి 12వ తేదీన భీమవరమున జన్మించిరి. తండ్రి జగన్నాథముగారు, తల్లి వెంకమ్మగారు. కుటుంబము కలిగినది కాదు. మెట్రిక్యులేషను పరీక్ష మూడవసారికిగాని ఆయనకు దక్కలేదు. తల్లి పట్టుదలయే ఆయనను చదువునుండి తొలగిపోకుండ కాపాడినది. చెన్నపురి వైద్యకళాశాలలో చదువుచుండగా మహాత్ముని పిలుపు నాలకించి ఖద్దరు ధరించిరి. అందుచే ఆంగ్లేయుడగు శస్త్రవైద్యాచార్యుని యాగ్రహమునకు పాత్రులై, ఎం.బి.బి.ఎస్. పట్టమునకు బదులు తక్కువదియగు ఎల్.ఎం.ఎస్. పట్టముతో బయటపడవలసివచ్చెను. అంతలో ఆయన సోదరులిద్దరు స్ప్రూ యను గ్రహణిరోగమువలన కొలదిదినముల వ్యవధిలో మరణించిరి. ఆయనకును ఆ వ్యాధి సోకగా డాక్టరు ఆచంట లక్ష్మీపతిగారి ఆయుర్వేద చికిత్సవలన కోలుకొనిరి. పిమ్మట చెన్నపురి ఆయుర్వేద కళాశాలలో శరీరశాస్త్రమును బోధించిరి.

1922లో, మామగారి సహాయముతో, సుబ్బారావుగారు అమెరికాకు చేరిరి. బోస్టను నగరమందలి యొక ఆసుపత్రిలో రాత్రివేళల కూలిపని చేయుచు హార్వర్డు విశ్వవిద్యాలయమున చదివిరి. అచ్చట సైరస్ ఫిస్క్ అను నాచార్యునితో కలిసి రక్తమందును, మూత్రమందును గల భాస్వరమును కొలుచు విధానము నొకదానిని 1925లో ప్రకటించిరి. ఆ విధానము ప్రపంచమందలి ప్రయోగశాలలన్నిట నేండ్లతరబడి నిలిచినది. ఆ కొలతయే ఆయన చేతికి దీపమైనది. కండరములలో భాస్వరమును వెదకుచు 1927లో ఫాస్ఫోక్రియాటినును, 1929లో అడినోసిన్ ట్రైఫాస్ఫేటును, అనగా ఏ.టీ.పీ.ని, కనుగొనిరి. అదే సంవత్సరమున జర్మనీలో కార్ల్ లోమన్ అను పండితుడును వేరుగా దానిని కనుగొనెను. కండరబలమునకు లాక్టిక్ ఆమ్లము మూలమను సిద్ధాంతమునకు 1922 సంవత్సరపు నోబెల్ బహుమానము లభించియుండెను. ఈ రెండు పదార్థములు బయల్పడుటతో ఆ సిద్ధాంతము కూలిపోయెను.

ఇంత చేసినను హార్వర్డునందు ఆయనకు స్థిరమైన ఆచార్యపదవి దొరకలేదు. 1940లో న్యూయార్కు రాష్ట్రమందలి లెడర్లీ సంస్థలో చేరి పరిశోధనలకు నాయకత్వము వహించిరి. సోదరులను చంపిన స్ప్రూ వ్యాధికి మందగు ఫోలిక్ ఆమ్లమును ఆయన బృందము 1945లో కృత్రిమముగా తయారుచేసినది. బోదకాలు వ్యాధికి హెట్రజాను, అనేక వ్యాధులకు ఆరియోమైసిను అచ్చటినుండియే వెలువడెను. పిల్లల రక్తక్యాన్సరునకు సిడ్నీ ఫార్బర్ వాడిన అమినోప్టెరినును ఆ ప్రయోగశాలయే అందించెను. స్వదేశమునకు మరలి రాకయే, అమెరికా పౌరసత్వమును స్వీకరింపకయే, సుబ్బారావుగారు 1948 ఆగస్టులో నిద్రయందే గుండె నిలిచిపోయి 53వ యేట గతించిరి. నోబెల్ బహుమానము రాలేదు.

అప్పటికి ఏ.టీ.పీ. కణములకు ఇంధనముగా మాత్రమే శాస్త్రజ్ఞులకు పరిచితము. అది మరియొక పనియు చేయునని వారెరుగరు. దానిని తెలిసికొనుటకు మన కాలువను తలంచుకొందము. సుంకేసులవద్ద తుంగభద్రనుండి బయలుదేరు నీరు నంద్యాల, ఆళ్లగడ్డ పొలములకు చేరవలెనన్న ఎచ్చట మట్టము హెచ్చెనో, ఎచ్చట తగ్గెనో లస్కరుకు వార్త రావలెను. అప్పుడతడు తలుపు లెత్తును, దించును. శరీరమందును అంతియే. మెడలోని పెద్దధమనులయందును, గుండెనుండి వెలువడు మహాధమని వంపునందును పోటును కనిపెట్టు నరాగ్రములు గలవు. పోటు హెచ్చి నాళము సాగినకొలది అవి మెదడుకాండమునకు వార్త పంపును. అచ్చట గ్లూటమేటు అను దూత ఆ వార్తనందించును. గాబా యను దూత పోటును హెచ్చించు కణముల నణచును. వేగస్ నరము అసిటైల్‌కోలీనును విడిచి గుండెవేగమును తగ్గించును. పోటు పడిపోయినచో సింపథెటిక్ నరములు నారడ్రినలీనును విడిచి నాళములను బిగించును.

ఈ దూతలలో ఏ.టీ.పీ.యును గలదని 1972లో జెఫ్రీ బర్న్‌స్టాక్ అను పండితుడు వాదించెను. ఇంధనము దూత యెట్లగునని పెక్కురు రెండుదశాబ్దములు నమ్మలేదు. 1990 దశకమున దానిని గ్రహించు ద్వారములు కణములపై బయల్పడిన పిమ్మట సందేహము తొలగెను. సింపథెటిక్ నరములు నారడ్రినలీనుతోపాటు ఏ.టీ.పీ.ని విడుచునని, నాళమును తొలుత బిగించునది అదియేయని నేడు తెలియుచున్నది. మరియు మెదడునకు రక్తము చాలనప్పుడు మెదడుకాండమందలి నక్షత్రాకారకణములు ఏ.టీ.పీ.ని విడిచి సింపథెటిక్ నరములను ప్రేరేపించి పోటును పెంచునని ఎలుకలపై జరిపిన ప్రయోగములు చూపినవి. తన దాహమును తీర్చుకొనుటకు మెదడు శరీరమంతట పోటును హెచ్చించుననుట ఆశ్చర్యకరము. కొందరి రక్తపుపోటునకు ఇదియే మూలమా యని పండితులు విచారించుచున్నారు.

ఏ.టీ.పీ. దూతయని సుబ్బారావుగారు కనుగొనిరని మేము చెప్పుట లేదు. వారికి తెలియని కీర్తిని వారికంటగట్టుట గౌరవము కాదు. ఆయన చేసినది అంతకన్న నిరాడంబరమైనది: భాస్వరమును తప్పులేకుండ కొలిచిరి. ఆ కొలత నిజమైనది గనుకనే, ఆయన పోయిన యిరువదినాలుగేండ్లకు మరియొకడు దానిమీద మేడ కట్టగలిగెను. ఖద్దరుకై పట్టమును, పరదేశి యగుటచే పదవిని పోగొట్టుకొన్నవాని కృషి చెడలేదు.

ఆయనకు మనము చెల్లింపదగిన ఋణము విగ్రహములతో తీరదు. నంద్యాలలో 2023లో ప్రభుత్వ వైద్యకళాశాల వెలసినది. అందలి విద్యార్థులు పరీక్షలలో వెనుకబడిన సుబ్బారావుగారిని స్మరించి ప్రయోగశాల తలుపు తట్టవలెను. గ్రామస్థులు ఏడాదికొకసారియైనను పోటును కొలిపించుకొనవలెను. 140కి 90 దాటిన పోటు బాధ పెట్టకయే మెదడును, మూత్రపిండములను కొరుకుచుండును. బాధ లేదని వైద్యుని యనుమతి లేక మాత్రలు మానుట మెదడు పంపు వార్తను చెవిని బెట్టకుండుటయే. కొలువనిదానిని కాపాడలేము. సుబ్బారావుగారి జీవితమంతయు ఈ యొక్క పాఠమే.