వేములవాడ తార్కికుడు సోమదేవసూరి

చందుర్తి ప్రాంతపు పల్లెలవారికి వేములవాడ యన్న రాజన్న సన్నిధియే. శివరాత్రి జాతరకు పోయి, కోడెను కట్టి మ్రొక్కు తీర్చుకొను ఆచారము నేటికిని ఉన్నది. ఆ వేములవాడలోనే వేయేండ్లకు పూర్వము, లోకమునకు కర్త యొకడు లేడని వాదించిన జైనాచార్యుడొకడు రాజపూజ్యుడై యుండెనని మన విద్యార్థులలో ఎందరెరుగుదురో! ఆయన సోమదేవసూరి. సృష్టికర్తను నమ్మనివానికి వివేకము నిలుచునా, ధర్మాధర్మ విచక్షణ యుండునా అను ప్రశ్న నేటికిని సభలలో వినవచ్చుచుండును. ఆ ప్రశ్నను మోయుచు జీవించిన మనుష్యుని చరిత్ర మన ఇంటిముంగిటనే కలదు.

సోమదేవుడు దిగంబర సంప్రదాయమువాడు. నేమిదేవుడు ఆయన గురువు, యశోదేవుడు పరమగురువు. తార్కికచక్రవర్తి, స్యాద్వాదాచలసింహము మున్నగు బిరుదములే ఆయన వ్యాసంగమెట్టిదో తెలుపును. ఆనాడు రాష్ట్రకూటులకు సామంతులైన వేములవాడ చాళుక్యుల ఆస్థానము జైనపండితులకు ఆటపట్టు. రెండవ అరికేసరి ఆశ్రయమున పంపకవి 941లో కన్నడమున విక్రమార్జున విజయమును రచించెను. పంపని తమ్ముడు జినవల్లభుడు కురిక్యాల దాపున గుట్టమీద చెక్కించిన శాసనములో తెలుగు కందపద్యములు మూడు కలవు. తెలుగు ఉపాధ్యాయులు తమ విద్యార్థులను ఒక్కమారైనను అచ్చటికి తోడ్కొనిపోవుట మంచిది.

రాష్ట్రకూట చక్రవర్తి మూడవ కృష్ణుడు దక్షిణ దిగ్విజయము సాగించి మేల్పాడిలో విడిసియున్న కాలమున, శకవర్షము 881, అనగా క్రీ.శ. 959లో, సోమదేవుడు గంగధారలో తన యశస్తిలకచంపువును ముగించెను. గంగధార అరికేసరి కుమారుడైన వాగరాజు రాజధాని. నేటి కరీంనగర్ జిల్లాలోని గంగాధరయే అదియని పలువురు చరిత్రకారులు గుర్తించిరి.

ఆ గ్రంథమున లోకస్వరూపమును చింతించు ఘట్టమొకటి వచ్చును. అచ్చట సోమదేవుడు పెద్ద శాస్త్రపరిభాష నాశ్రయింపలేదు. చాపల్లువానిని, ఇల్లుకట్టు వడ్రంగిని చూపెను. బుద్ధిచేతనో సంకల్పముచేతనో లోకమును నిర్మించిన కర్త యెవ్వడును మనకు కానరాడు. కానరాకున్నను కలడని యొప్పుకొన్నచో, చాప యల్లికకును వానినే కర్తగా చెప్పవలసివచ్చును. మూడు లోకములను తానే చేయగలవాడు ఒక ఇల్లు చేయలేడా? చేయగలిగినచో వడ్రంగితో పనియేమి? ఇదీ ఆయన వాదసారము. పల్లెటూరి బాలునికి సైతము తెలియు దృష్టాంతమిది.

అట్లయిన ఆలోచించు శక్తి మానవునకు ఎక్కడనుండి వచ్చినది? జైనదర్శనము ప్రకారము జ్ఞానము ఎవ్వరో ఇచ్చిన వరము కాదు. ఆత్మకు సహజమైన గుణము. మబ్బు సూర్యుని కప్పినట్లు కర్మ దానిని కప్పియుండును. మబ్బు తొలగించుకొను భారము ఎవరిది వారిదే. దీనికి ఎదుటి పక్షము బలహీనమైనది కాదు. సోమదేవుని తరువాత ఒక తరమునకే, 984 ప్రాంతమున, ఉదయనాచార్యుడు న్యాయకుసుమాంజలియందు ఈశ్వరాస్తిత్వమును తర్కముతోనే స్థాపింపబూనెను. వేదవాక్యమునకు ప్రామాణ్యము దానిని చెప్పిన ఈశ్వరుని వలననే కలుగునని నైయాయికుల మతము. ఇరువురును తర్కమునే నమ్ముకొనిరి. చేరిన తీరములు వేరు.

కర్త లేనిచో పాపభీతి యుండదని కొందరందురు. యశస్తిలకములోని యశోధరుని కథ చదివినవారు ఆ మాట అనలేరు. ఉజ్జయినీపతి యశోధరుడు భార్య అమృతమతి శీలమును చూచి విరక్తుడయ్యెను. సన్న్యసించుటకు సాకుగా పీడకల యొకటి కల్పించి తల్లి చంద్రమతికి చెప్పెను. తల్లి దేవికి జంతుబలి యిమ్మనెను. జీవహింస తగదని కుమారుడు దీర్ఘముగా వాదించెను. వాదములో అతడే గెలిచెను. తల్లి కన్నీటియెదుట ఓడిపోయెను. తుదకు పిండితో కోడిని చేసి దానిని నరుకుటకు సమ్మతించెను. ప్రాణము పోయినది లేదు, నెత్తురు చిందినది లేదు. కాని చంపవలెనను సంకల్పము కలిగినది గదా! అమృతమతి పెట్టిన విషముచే తల్లీకొడుకులు మరణించి, నెమలిగను కుక్కగను పుట్టి, జన్మ వెంబడి జన్మగా చంపబడిరి. ఇచ్చట దండించు దేవుడు లేడు. మ్రొక్కుకొన్నచో క్షమించువాడును లేడు. తెలిసియు తప్పిన బుద్ధికి తానే సాక్షి, తానే బాధ్యురాలు. ఇంత కఠినమైన లెక్క ఏ దైవమును అడుగదని నాకు తోచును.

అట్లని సోమదేవుడు విశ్వాసమును పూర్తిగా విడిచినవాడు కాడు. కర్తను త్రోసిపుచ్చి, ఆ స్థానమున సర్వజ్ఞుడైన ఆప్తుని, అనగా జినుని, నిలిపెను. పరలోక విషయమున ఆగమమే ప్రమాణమనెను. ఇతర మతముల దేవతలకు ప్రయోగించిన పదునైన తర్కమును తన ఆప్తునిపై అంత పదునుగా ప్రయోగింపలేదు. కొన్ని తావులలో ఆయన పలుకులు కటువులు కూడ. లౌకికాచారముల పట్ల మాత్రము ఉదారుడు. సమ్యగ్దర్శనమునకును వ్రతమునకును హాని లేనిచో లోకాచారములన్నియు జైనులకు అంగీకార్యములేయని తీర్పు చెప్పెను.

ఆయన నీతివాక్యామృతము తొలి సూత్రముననే ధర్మార్థకామములు ఫలముగా నిచ్చు రాజ్యమునకు నమస్కరించును. దేనిని నమ్మని లోకాయతశాస్త్రము కూడ రాజు నేర్వదగినదేయనియు, అది తెలిసినవాడు రాష్ట్రకంటకులను పెకలింపగలడనియు అందు చెప్పబడినది. పాలనకు కావలసిన వివేకమును మతభేదము చూడక ఎచ్చటనున్నను గ్రహింపవచ్చునని దాని భావము.

శకవర్షము 888, అనగా 966లో, మూడవ అరికేసరి సోమదేవునికి ఒక గ్రామమును దానము చేసెను. ఆ తామ్రశాసనము మహారాష్ట్రలోని పర్భణిలో దొరకినది. అందు వేములవాడకు లేంబులపాటకమని పేరు. రాజు తండ్రి బద్దెగుడు అచ్చట శుభధామ జినాలయమును కట్టించియుండెను. పగిలిన గోడలు బాగుచేయించుటకు, క్రొత్త సున్నము వేయించుటకు, పూజానైవేద్యములకు ఆ గ్రామపు రాబడిని వినియోగింపవలెనని శాసనము చెప్పుచున్నది.