కొండలు ఎన్నుకొన్న సేనాని: అల్లూరి సీతారామరాజు

గత శీతకాలమున మా కళాశాల విద్యార్థులతో రుషికొండ సముద్రతీరమునకు పోయితిని. అచ్చటినుండి భీమునిపట్నము వైపు సాగు తీరమార్గమును చూపుచు ఒక విద్యార్థి ప్రశ్న వేసెను. ఆ దారి చివర, భీమునిపట్నము చెంత, 2016లో మన నౌకాదళము కర్ణ యను పేర సముద్ర కమాండోలకు స్థావరము నెలకొల్పినది. ప్రపంచమున నిట్టి ప్రత్యేక దళములు అనేకము గదా, వానిలో ఏది మేలైనదని అతని ప్రశ్న. బ్రిటిషువారు 1941లో ఉత్తరాఫ్రికా ఎడారిలో నెలకొల్పిన దళమా? 1987లో ఏర్పడిన మన సముద్ర కమాండోలా? అప్పటికప్పుడు సమాధానము చెప్పజాలనైతిని. కాని ఆ తీరమునకు కొలది దూరమున, గోస్తనీనది ఒడ్డున, పాండ్రంగి యను గ్రామము కలదు. అచ్చట 1897 జూలై 4న జన్మించిన ఒక బాలుని జీవితమందే ఆ ప్రశ్నకు జవాబున్నదని ఇంటికి వచ్చిన పిదప తోచినది.

దళమును తూచుటకు మూడు ప్రమాణములు కలవు. మనుష్యులను ఎట్లు ఎన్నుకొనిరి? వారిలో ఎట్టి నడవడిని నెలకొల్పిరి? తుదకు వారు సాధించినదేమి? ఇంతకును కమాండో యను మాట సైనిక పాఠశాలలలో పుట్టినది కాదు. దక్షిణాఫ్రికాలో 1899 మొదలు 1902 వరకు బ్రిటిషువారిని ఎదిరించిన బోయరు రైతుల గుఱ్ఱపు దండులకు ఆ పేరుండెను. తమ్ము ముప్పుతిప్పలు పెట్టిన రైతుల పేరునే 1940లో బ్రిటిషువారు తమ దళములకు పెట్టుకొనిరి. సామ్రాజ్యములు తమ శత్రువులయొద్ద పాఠము నేర్చుకొనుట వింత కాదు. మన విశాఖమన్యమునను అట్టి పాఠమే జరిగినది. దానిని చెప్పిన గురువు అల్లూరి సీతారామరాజు.

రాజు తండ్రి వేంకటరామరాజు ఛాయాచిత్రములు తీయుట వృత్తిగా గలవాడు. తల్లి సూర్యనారాయణమ్మ. బాల్యముననే తండ్రి మరణించుటచే, పినతండ్రి రామకృష్ణంరాజు ఆదరమున బాలుడు పెరిగెను. నర్సాపురము, విశాఖపట్నము మొదలైన ఊళ్లలో చదివెను గాని చదువుపై మనస్సు నిలువలేదు. గుఱ్ఱపుస్వారి, జ్యోతిషము, మూలికావైద్యము, యోగము ఆయనను ఆకర్షించినవి. 1916లో ఉత్తరదేశ యాత్ర చేసి, తిరిగివచ్చి, మన్యపు అంచున నున్న కృష్ణదేవిపేటను నివాసము చేసికొనెను. కాషాయము ధరించిన ఆ యువకునికి మందులు తెలియును, ముహూర్తములు తెలియును. అన్నిటికి మించి, ఎదుటివాని కష్టమును ఓపికగా వినుట తెలియును. కొండవారు ఆయనయొద్దకు వచ్చుటకు అది చాలెను.

వారికి చెప్పుకొన కష్టములు కొదువ లేవు. 1882 నాటి మద్రాసు అటవీచట్టము వలన అడవిలో పోడు కొట్టుట నేరమైనది. తరతరములుగా గ్రామములను ఏలిన ముఠాదారులు అధికారమును, ఆదాయమును కోల్పోయిరి. గూడెము ప్రాంతపు తహసీలుదారు బాస్టియన్ ఘాటుమార్గముల పనికి జనమును తరిమి, న్యాయమైన కూలి ఈయక పీడించెను. రాజు తొలుత ఆయుధము పట్టలేదు. సహకార నిరాకరణోద్యమపు దినములలో మద్యము మానుడనియు, తగవులను పంచాయతీలలో తీర్చుకొనుడనియు బోధించెను. అధికారులు అనుమానించి 1922 ఆరంభమున ఆయనను కొంతకాలము నిఘాలో నుంచిరి. పైడిపుట్టవద్ద భూమి ఇచ్చి సేద్యమున స్థిరపరుపజూచిరి. కాని కొండవారి కష్టము తీరనిదే ఆయన స్థిరపడజాలకపోయెను.

ఇక దళపు ఎంపికను చూడుడు. నేటి కమాండో దళములు స్వచ్ఛందముగా వచ్చిన సైనికులను కఠిన పరీక్షలకు గురిచేసి, పెక్కుమందిని త్రిప్పిపంపి, మిగిలినవారిని మాత్రమే గ్రహించును. రాజుదళమున అట్టి పరీక్ష లేదు. కొండ ఎక్కుట, ఆకలి నోర్చుట, చీకటిలో దారి గుర్తెరుగుట అచ్చటివారికి పుట్టుకతో వచ్చిన విద్యలు. బాస్టియన్ చేతిలో నష్టపోయిన గాం గంటందొర, ఆయన తమ్ముడు మల్లుదొర ముందు చేరిరి. గోకిరి ఎర్రేసు చేరెను. మైదానమునుండి వచ్చి అగ్గిరాజుగా పేరొందిన వేగేశ్న సత్యనారాయణరాజు చేరెను. నాయకుడు వారిని ఎన్నుకొనెననుటకంటె, వారే నాయకుని ఎన్నుకొనిరనుట సత్యము.

నడవడికి వచ్చినచో, దళమునకు తుపాకులకు ముందే నియమము లేర్పడినవి. భారతీయులైన పోలీసులను అనవసరముగా చంపరాదు. గ్రామములను దోచరాదు. పోలీసు ఠాణాలపై పడినపుడు తీసికొన్న ఆయుధముల లెక్క వ్రాసి, సంతకముచేసి పోవుట రాజు పద్ధతి. ముందుగా కబురంపి దాడికి వచ్చుటయు కలదు. మిరపకాయ టపా యను పేర ఆ కబురు జనుల నోళ్లలో నేటికిని నిలిచియున్నది.

1922 ఆగస్టు 22న చింతపల్లి ఠాణా, 23న కృష్ణదేవిపేట, 24న రాజవొమ్మంగి దళమునకు వశమైనవి. మూడు దినములలో 26 తుపాకులు, రెండువేలకు పైబడిన తూటాలు చేతికి వచ్చినవి. రాజవొమ్మంగిలో బందీగా నున్న మొట్టడం వీరయ్యదొర విముక్తుడయ్యెను. విల్లంబులతో బయలుదేరినవారు ప్రభుత్వపు తుపాకులతోనే ప్రభుత్వమును ఎదిరింప సిద్ధపడిరి.

ప్రభుత్వము మొదట పంపినది మైదానపు జిల్లాల రిజర్వు పోలీసులను. వారికి ధైర్యము లేదనరాదు. కాని కొండ వారికి కొత్త. 1922 సెప్టెంబరు 24న దామనపల్లి కనుమలో వారి దండు సాగుచుండగా రాజుదళము పొదలలో పొంచియుండెను. ముందు నడచిన భారతీయ పోలీసులను పోనిచ్చి, వెనుక వచ్చిన ఆంగ్లాధికారులు స్కాట్ కవర్డును, హైటరును మాత్రమే కాల్చిచంపిరి. గురి ఎంత గొప్పదో, తుపాకి నొక్కక ఆగిన నిగ్రహము అంతకంటె గొప్పది. దళపు శిక్షణకు ఇంతకు మించిన పరీక్ష వేరొండు లేదు.

అటుపై ప్రభుత్వము తన పద్ధతి మార్చుకొనెను. మలబారులో 1921 నాటి తిరుగుబాటు నణచుటకు ఏర్పరచిన మలబారు ప్రత్యేక పోలీసుదళమును రప్పించెను. వారు అడవులలో పోరాడి వచ్చినవారు, యంత్రపు తుపాకులు గలవారు. 1922 డిసెంబరు 6న పెద్దగడ్డపాలెమున వరిచేల నడుమ రాజుదళము వారికి ఎదురుపడి పలువురిని కోల్పోయెను. బయలునేలపై యంత్రపు తుపాకి ముందు కొండవాని ఉపాయము పనిచేయలేదు. నాటితో రాజు కొంతకాలము కనుమరుగయ్యెను. 1923 ఏప్రిలులో అన్నవరమున ప్రత్యక్షమైనపుడు ప్రజలు ఆయనను భక్తితో చూచిరే గాని పట్టి ఈయలేదు. ఆయన తలకు పదివేల రూపాయల వెల కట్టినను మన్యమున ఆశపడినవారు అరుదు.

1923 సెప్టెంబరులో మల్లుదొర పట్టుబడెను. 1924 ఆరంభమున అస్సాం రైఫిల్సు వచ్చినది. 1835 నాటి కాచారు దండునుండి పెరిగిన ఆ దళమున గూర్ఖాలును, ఈశాన్యపు కొండవారును ఉండిరి. కొండను జయించుటకు కొండవారినే తేవలెనని ప్రభుత్వము గ్రహించినదన్నమాట. రాజుదళమునకు ఏ గుణము బలమో, ఆ గుణమునే వెల పెట్టి కొని తెచ్చినది. అయితే నిజమైన దెబ్బ తుపాకులది కాదు. ప్రత్యేకాధికారి రూథర్‌ఫర్డు కాలమున గ్రామములపై కట్టుబాట్లు బిగిసినవి. తిరుగుబాటుదారులకు అన్నము పెట్టిన ఊరికి శిక్ష. శిక్షా పోలీసుల ఖర్చుకు పన్ను. అనుమానము కలిగిన ఇంటికి దెబ్బలు. దళమునకు ధాన్యాగారము లేదు. కొండగుడిసెలోని గంజికుండయే దాని ధాన్యాగారము. ఆ కుండపై కావలి పెట్టినవాడు యుద్ధము గెలిచినాడు.

తమ కొఱకు జనులు పడు బాధను చూడలేక రాజు తానై బయటపడెనని కొండప్రాంతపు కథనము. ఎట్లైనను 1924 మే 7న మంపవద్ద తూర్పుతీర ప్రత్యేక పోలీసుల గస్తీకి ఆయన చిక్కెను. కొయ్యూరునకు కొనిపోయిన పిదప, న్యాయస్థానపు గుమ్మమైనను చూపక, మేజర్ గుడాల్ ఆజ్ఞతో ఆ దినముననే కాల్చిచంపిరి. పారిపోజూచెనని అధికారులు వ్రాసికొనిరి. చెట్టునకు కట్టి కాల్చిరని ప్రజలు నమ్మిరి. అప్పటికి ఆయనకు ఇరువదియారేండ్లు. సమాధి కృష్ణదేవిపేటలో కలదు. ఒక నెలకే గంటందొరయు పోరులో నేలకొరిగెను. అగ్గిరాజు అండమానునకు పోయెను. మల్లుదొర బ్రతికి బయటపడి, స్వతంత్ర భారతమున 1952లో లోక్‌సభ సభ్యుడయ్యెను.

దళపు లోపములనుగూడ విద్యార్థులు గుర్తింపవలెను. అది ఒక్క నాయకునిపై ఆధారపడినది. ఆయన పోగా నెలలోపల చెదరినది. మన్యము దాటి మైదానమున దానికి తోడు దొరకలేదు. తూటాలు తరిగినకొలది తెచ్చుకొన మార్గము లేదు. ప్రజలే దాని కోట. ఆ కోట గోడలకు దెబ్బ తగిలినపుడెల్ల నొచ్చినది బిడ్డల తల్లులు. తనను కాపాడువారి నొప్పిని తాను ఎంతవరకు భరింపనిచ్చుట ధర్మమను ప్రశ్న ప్రజాబలముపై నిలిచిన ప్రతి నాయకునికిని ఎదురగును. దానికి రాజు తన ప్రాణముతో సమాధానము చెప్పెననియే కొండవారి విశ్వాసము.

1989లో ఆంధ్రప్రదేశ్ పోలీసుశాఖ గ్రేహౌండ్స్ దళమును నెలకొల్పినపుడు, చిన్న జట్లుగా, తేలిక బరువుతో అడవిలో సంచరించు పద్ధతినే అవలంబించినది. అంతటి శిక్షణ పొందిన దళమే 2008 జూన్‌లో బలిమెల జలాశయమున పడవలో పోవుచు దాడికి గురియై ముప్పదిమందికి పైగా వీరులను కోల్పోయినది. కొండయు నీరును ఎవరి పక్షమని ముందుగా తెలిసికొననిచో ఎంతటి ఎంపికయైనను కాపాడజాలదు.

కావున నా విద్యార్థికి ఈ జవాబు చెప్పుదును. పరుగులో నెగ్గినవానిని ఎంచుట సులభము. శిక్షణ ఇచ్చుట కష్టమే అయినను సాధ్యము. కాని తాను నిలిచిన నేలమీది జనులు గడప తెరచి గంజి పోసినంతకాలమే ఏ దళమైనను మేలైన దళము. కాల్చగలిగియు కాల్చక ఆగుట దాని సంస్కారమునకు గుర్తు. 2022లో పాడేరు కేంద్రముగా ఏర్పడిన జిల్లాకు అల్లూరి పేరు పెట్టిరి. అనంతగిరి కొండలలో పుట్టిన గోస్తని పాండ్రంగిని ఒరసికొని పోయి భీమునిపట్నమువద్ద సముద్రమున కలియును. రుషికొండకు విహారమునకు వచ్చు ఉపాధ్యాయులు ఒక పూట మిగుల్చుకొని, పిల్లలను ఆ నది వెంబడి పాండ్రంగి వరకు తీసికొనిపోయిన, చరిత్రపాఠము వారికి పుస్తకమున చెప్పినదానికంటె బాగుగా పట్టుబడును.